బీ12 మాత్ర మొదటి రోజు నుంచే

అమ్మాయీ,

పాలు, గుడ్లు కూడా మానేసి పూర్తిగా వీగన్ అయ్యావని విని చాలా సంతోషించాను. ఎన్నో ఏళ్లుగా ఇదే తిండి తింటున్నదాన్ని కాబట్టి కొన్ని మాటలు చెప్పాలనిపించింది.

అన్నిటికన్నా ముందు బీ12 విటమిన్. దాన్ని తయారుచేసేది బ్యాక్టీరియా, మొక్కలు కాదు. అందుకే ఎన్ని ఆకుకూరలు తిన్నా అది రాదు. స్పైరులినా అనే నాచు పొడిలో ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకు, అందులో ఉన్నది చాలావరకు మన ఒంటికి పనికిరాని రకం. కాలేయంలో పాత నిల్వ ఉంటుంది కాబట్టి మొదట్లో నీకేమీ తేడా తెలియదు. నాకు భయమంతా ఆ రోజుల గురించే. బాగానే ఉన్నాను కదా అనుకుంటూ ఉండగానే నిల్వ తరిగిపోయి, పాదాల్లో తిమ్మిర్లు, మతిమరుపు, నడకలో తూలడం మొదలవుతాయి. ఫోలిక్ యాసిడ్ మాత్రలు వాడుతుంటే రక్తహీనత పైకి కనిపించకపోవచ్చు, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. ఆలస్యమైతే ఆ నష్టం పూర్తిగా పూడదు కూడా. కాబట్టి లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఈరోజే మొదలుపెట్టు.

పెద్దవాళ్లకు రోజుకు 2.4 మైక్రోగ్రాములు చాలంటారు కదా, మాత్రలో 1000 ఎందుకు అని అడుగుతావేమో. మన పేగులు ఒక విడతలో సుమారు 2 మైక్రోగ్రాములే సరిగ్గా పీల్చుకోగలవు. ఆపైన వేసుకున్నదాంట్లో నూటికి ఒక వంతు మాత్రమే ఒంటబడుతుంది. అందుకని రోజూ వేసుకుంటే కనీసం 10 మైక్రోగ్రాములు, వారానికి ఒక్కసారే అయితే 2000 ఉండాలి. బిడ్డను కనాలనుకున్నప్పుడు, పాలిచ్చేటప్పుడు అస్సలు మానకూడదు, పసిబిడ్డకు అందేది నీ నుంచే.

ఐరన్ సంగతి వేరు. నీరసంగా ఉందని సొంతంగా మాత్రలు కొనుక్కోకు. ముందు ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ రక్తపరీక్ష చేయించుకో, ఎందుకంటే ఎక్కువైన ఐరన్‌ను బయటికి పంపే దారి మన ఒంట్లో లేదు. పప్పులు, ఆకుకూరలు తినేటప్పుడు నిమ్మరసం పిండుకో. టీ, కాఫీలు భోజనానికి ఒక గంట ఎడంగా ఉండనివ్వు. డాక్టర్ ఐరన్ రాస్తే కాల్షియంతో కలిపి ఒకే పూట వేసుకోవద్దు.

కాల్షియం కోసం పాలకూర మీద ఆధారపడకు, అందులోని ఆక్సలేట్లు దాన్ని పట్టి ఉంచేస్తాయి. కాల్షియం కలిపిన సోయా పాలు మంచివి. పోసుకునే ముందు డబ్బా బాగా కుదుపు, లేకపోతే కాల్షియమంతా అడుగునే ఉండిపోతుంది.

అయోడిన్‌కు అయోడైజ్డ్ ఉప్పు వాడితే చాలు. సముద్రపు నాచు మాత్రల జోలికి వెళ్లకు, వాటిలో అయోడిన్ మోతాదు మించిపోయి థైరాయిడ్ దెబ్బతినవచ్చు. ఒమేగా 3 అనే మంచి కొవ్వు కోసం రోజూ ఒక చెంచా అవిసె గింజల పొడి తిను. ఎండ తగలని ఉద్యోగమైతే విటమిన్ డి కూడా అవసరం పడుతుంది. డి3 ఎక్కువగా గొర్రె ఉన్నిలోని జిడ్డు నుంచి తీస్తారు, లైకెన్ (రాళ్ల మీద, చెట్ల మీద నాచులా పెరిగేది) నుంచి తీసినదని రాసి ఉన్నది చూసి కొనుక్కో.

షుగర్‌కు మెట్‌ఫార్మిన్ గానీ, ఎసిడిటీ మాత్రలు గానీ చాలాకాలంగా వాడుతుంటే డాక్టర్‌కు తప్పక చెప్పు. అవి కూడా బీ12ను తగ్గిస్తాయి. పరీక్ష రిపోర్టు రాగానే నాకు పంపించు, కలిసి చూద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ