లారీల కన్నా గూడ్స్ రైలులో సరుకు తెప్పించుకోవడం పర్యావరణానికి మంచిదంటారు, నిజమేనా? దాంతో మన గోదావరి జిల్లాల జనానికి ఏం ఒరుగుతుంది?

మంచిదేనండి, అందులో అనుమానం అక్కర్లేదు. నేను పశ్చిమ గోదావరిలో ఎరువుల వ్యాపారం చేస్తున్నాను, రేక్ వచ్చినప్పుడల్లా గూడ్స్ షెడ్‌కి వెళ్లక తప్పదు. ఒక రేక్ అంటే సుమారు 42 వ్యాగన్లు, 2,600 టన్నుల సరుకు. అదంతా ఇరవై టన్నుల లారీల మీద రావాలంటే 130 లారీలు కావాలి. పైగా భీమవరం మీదుగా నిడదవోలు వెళ్లే లైను ఇప్పుడు కరెంటు లైనే. ఆ కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గుతోనే తయారవుతోందనుకోండి, అయినా లారీలతో పోలిస్తే రైలే మేలు.

జనానికి ఏం ఒరుగుతుందన్నారు. అది తెలియాలంటే రేక్ ఖాళీ అయ్యేటప్పుడు చూడాలి. ఇచ్చిన గంటల్లో సరుకు దించకపోతే డెమరేజ్, అంటే ఆలస్యానికి రైల్వే వేసే రుసుము, పడుతుంది. ఆ టెన్షన్ సరుకు తెప్పించుకున్నవాళ్లదే అయినా, భారం మాత్రం ముఠా కూలీల మీద పడుతుంది. అర్ధరాత్రి రేక్ వచ్చినా మేస్త్రీ ఫోన్ చేస్తే లేచి రావాల్సిందే. మే నెల మధ్యాహ్నం వ్యాగన్ ఇనుప గోడ మీద చెయ్యి ఆనించలేం. వాళ్లు ఆ లోపలే నిలబడి 45 కిలోల యూరియా బస్తాలు తలకెత్తుకుంటారు. సిమెంట్ రేక్ అయితే తలకి చుట్టుకున్న తువ్వాలే ముక్కుకీ కట్టుకుంటారు. బస్తాకింత అని కూలి కాబట్టి మంచినీళ్లకి ఆగినా ఆ కాసేపు డబ్బు పోయినట్టే.

వాళ్లు రైల్వే ఉద్యోగులు కారు. దించే బాధ్యత సరుకు తెప్పించుకున్నవాళ్లది, వాళ్లు కాంట్రాక్టరుకి అప్పజెబుతారు, ఆయన మేస్త్రీకి. కుళాయి ఎవరు పెట్టించాలని అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. గూడ్స్ షెడ్లను ప్రైవేటు పెట్టుబడితో బాగుచేయించే విధానం రైల్వే 2020లోనే తెచ్చింది. కూలీలు కూర్చునే చోటు, తాగునీరు, స్నానానికి వసతి కూడా అందులో ఉన్నాయి. కాగితం మీద ఉన్నదాన్ని అడిగి తెచ్చుకోవాలి కదండీ.

ఇంకోటి, కొక్కేలు. బస్తాకి కొక్కెం వేసి లాగితే చిరుగుతుంది, యూరియా నేల మీద పోతుంది. వాన పడితే కరిగి డ్రెయిన్‌లో కలుస్తుంది. ఇది డెల్టా, డ్రెయిన్ పక్కనే చేపల చెరువులుంటాయి.

మేం కొందరు డీలర్లం కలిసి కాంట్రాక్టరుతో మాట్లాడి కొక్కేలు మాన్పించాం, చిరిగిన బస్తాలకి ఖాళీ సంచులు ముందే పెట్టిస్తున్నాం. మీరు మిల్లరైనా డీలరైనా, హ్యాండ్లింగ్ (సరుకు దించే) కాంట్రాక్టు రాసుకునే రోజే మంచినీళ్లు, నీడ, మాస్కులు, రాత్రి పనికి ఎక్కువ కూలి అందులో రాయించండి. తర్వాత అడిగితే రేటు ఖాయమైపోయిందంటారు.