ఒక సంఘం తన గురించి చెప్పుకునే మాటలను చదవడం: యువ రచయిత్రికి లేఖ

బ్రాడీపేట,
గుంటూరు.

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు విజయవాడ నుంచి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. అంతర్జాతీయ క్రీస్తు సంఘాలు అనే ఉద్యమం ఇంటర్నెట్‌లో తన గురించి తాను ఏం చెప్పుకుంటోందో పరిశీలించాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది. చర్చి గురించి రాయమంటే మనవాళ్ళలో చాలామంది స్తోత్రమైనా రాస్తారు, శాపనార్థాలైనా పెడతారు. ఒక సంఘం బయటివాళ్ళ కోసం సిద్ధం చేసుకున్న మాటలను కుదురుగా కూర్చుని చదివేవాళ్ళు తక్కువ. నువ్వు ఆ పని మొదలుపెట్టావు గానీ, తీర్పు చెప్పాలన్న తొందర నిన్ను రెండో పేజీ దాకా కూడా ఆగనివ్వలేదు.

నీ మొదటి పేరాలోనే ఈ వాక్యం ఉంది: “నవ్వు ముఖాల ఫొటోల వెనుక అమాయక యువతను వలలో వేసుకునే పెద్ద కుట్ర దాగి ఉంది.” అది ఏ ఫొటో, ఏ పేజీలో ఉంది, ఎప్పుడు చూశావు, కుట్ర ఉందని నీకు ఎవరు చెప్పారు? వ్యాసమంతా వెతికినా వీటికి జవాబు దొరకలేదు. రకరకాల దేశాల పోలికలున్న కుర్రవాళ్ళు భుజాల మీద చేతులు వేసుకుని నిలబడిన ఫొటోయే నువ్వు చూసినదైతే, అలాంటిది మీ ఊరి చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు పంచే అడ్మిషన్ల బ్రోచర్ల మీద కూడా ఉంటుంది. ఆ ఫొటో వల్ల తేలే విషయం ఒక్కటే: ఈ పేజీ ఎవరి కంట పడాలని దాన్ని పెట్టినవాళ్ళు కోరుకుంటున్నారన్నది. ఇంటికి దూరంగా హాస్టల్లో ఉంటూ, ఆదివారం పూట పలకరించేవాళ్ళు లేని విద్యార్థి కంట పడాలని వాళ్ళ కోరిక కావచ్చు. అంతవరకు రాయి, చాలు. దాని తర్వాత చరిత్ర చెబితే పాఠకుడే మిగతాది ఆలోచించుకుంటాడు.

ఆ చరిత్ర నీ వ్యాసంలో రెండు వాక్యాలతో ముగిసిపోయింది. నిజానికి విషయమంతా అక్కడే ఉంది. ఫ్లోరిడా రాష్ట్రం గెయిన్స్‌విల్‌లోని ఒక క్రీస్తు సంఘం విద్యార్థుల మధ్య చేసిన పరిచర్యలో విశ్వాసి అయిన కిప్ మెకీన్, 1979లో బోస్టన్ పక్కనున్న లెక్సింగ్టన్‌లో ఒక చిన్న సంఘం బాధ్యత తీసుకున్నాడు. దానిలోంచి పెరిగినదాన్నే 1980లలో బోస్టన్ ఉద్యమం అన్నారు; తర్వాత అంతర్జాతీయ క్రీస్తు సంఘాలు అన్న పేరు వచ్చింది దానికే. ప్రతి సభ్యుణ్ణీ తనకంటే అనుభవమున్న మరొక సభ్యుడి శిష్యరికంలో ఉంచడం దాని ముఖ్య పద్ధతి. అది అంత వేగంగా దేశదేశాలకు పాకడానికి ఈ పద్ధతి ఎంత కారణమో, దాని మీద వచ్చిన విమర్శలకూ అంతే కారణం. ఎవరితో స్నేహం చేయాలి, ఎవరిని పెళ్ళాడాలి, కానుక ఎంత ఇవ్వాలి అన్నవాటిలో కూడా పైవాళ్ళ మాటే చెల్లిందని బయటికి వచ్చినవాళ్ళు చెప్పారు. బోస్టన్ విశ్వవిద్యాలయంతో సహా అమెరికాలోని పలు విద్యాసంస్థలు తమ ఆవరణలో వాళ్ళ ప్రచారాన్ని నిషేధించాయి. సంఘ నాయకులు సొంత అభిప్రాయాలకు సంబంధించిన విషయాల్లో కూడా విధేయత కోరవచ్చని తాను మొదట్లో అనుకున్నది సరికాదని మెకీనే 1992లో రాశాడు. విమర్శకుల మాట కంటే స్థాపకుడి సొంత ఒప్పుకోలు ఎంత బరువైనదో గమనించు. అది నీ వ్యాసంలో లేకపోవడం నన్ను ఆశ్చర్యపరిచింది.

2001 నవంబరులో ఆయన పదవి నుంచి తాత్కాలికంగా తప్పుకుని, 2002 నవంబరులో రాజీనామా చేశాడు. 2003 మొదట్లో, అప్పుడు లండన్‌లో పనిచేస్తున్న హెన్రీ క్రీట్ అనే నాయకుడు తోటి నాయకులను ఉద్దేశించి ఒక సుదీర్ఘమైన లేఖ రాశాడు. అధికార శ్రేణులు, అంకెల పిచ్చి, అహంకారం, డబ్బు మీద ధ్యాస అంటూ లోపలి మనిషే లెక్క తేల్చిన ఆ లేఖ, నాయకుల మధ్య ఉండిపోవలసింది కాస్తా ఇంటర్నెట్‌లో పడి వారాల్లో ప్రపంచమంతా తిరిగింది. చాలా ఊళ్ళ సంఘాలు తమ సభ్యులకు బహిరంగంగా క్షమాపణలు చెప్పుకున్నాయి. ఇంటర్నెట్‌లో ఈ ఉద్యమం రూపాన్ని గురించి రాస్తున్న నీకు ఇంతకంటే మంచి సన్నివేశం దొరకదు. వాళ్ళ ఇప్పటి వెబ్‌సైట్లను 2003 తెలిసిన మనిషిగా చదవాలి. “సంఘాల కుటుంబం”, “ఒకరికొకరు సహకరించుకునే స్థానిక సంఘాలు” అనే ధోరణి మాటలను నువ్వు తేనె పూసిన మాటలని కొట్టిపారేశావు. ఒకప్పుడు పైనుంచి కింది దాకా ఒకే ఆజ్ఞ నడిచిన వ్యవస్థ కూలిపోయిన తర్వాత వచ్చిన మాటలవి. వాటిలో నిజమైన మార్పు ఉండవచ్చు, పాత సంగతి దాటవేసే సౌకర్యమూ ఉండవచ్చు. రెండూ ఒకే వాక్యంలో ఉండగలవని పాఠకుడికి చూపించడమే నీ పని.

ఇంకో చోట నువ్వు రెండు ఉద్యమాలను ఒకటిగా కలిపేశావు. మెకీన్ అంతర్జాతీయ క్రీస్తు సంఘాల నుంచి విడిపోయి, మొదట పోర్ట్‌లాండ్‌లోనూ, 2007 నుంచి లాస్ ఏంజిలిస్‌లోనూ మరో ఉద్యమం నడిపాడు. దాని పేరు అంతర్జాతీయ క్రైస్తవ సంఘాలు. పేర్లు ఇంచుమించు ఒకటే కనుక తికమక సహజం. కానీ కొత్త ఉద్యమంలో మెకీన్ కేంద్రంలో నిలబడిన మనిషి, పాత ఉద్యమానికి ఆయన చరిత్రలో ఒక అధ్యాయం. ఏ వెబ్‌సైటులో ఆయన పేరు ఎన్ని నొక్కుల దూరంలో ఉందో చూడు. మన రోడ్ల మీది సువార్త మహాసభల ఫ్లెక్సీల్లో పాస్టరు గారి బొమ్మ ఎంత పెద్దదో చూసి సభ ఎవరిదో చెప్పగలిగిన నీకు ఇది కష్టం కాదు.

పేర్ల సంగతి వచ్చింది కనుక, అన్నిటికంటే ముందు దిద్దవలసినది చెబుతాను. మన కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో “క్రీస్తు సంఘం” అనే బోర్డు తగిలించుకున్న చిన్న మందిరాలు ఎన్నో ఉన్నాయి. అవి బోస్టన్ ఉద్యమం పుట్టకముందే మన దేశానికి వచ్చిన పాత క్రీస్తు సంఘాల శాఖకు చెందినవి. బోస్టన్ ఉద్యమం ఆ మూలంలోంచే వచ్చి, 1980లలో దానితో తెగతెంపులు చేసుకుంది. నీ వ్యాసం ఇప్పుడున్నట్టే అచ్చయితే, తెనాలి పక్కన ఏ ఊళ్ళోనో పాతికమంది కూలీజనం కూడుకునే మందిరంలోని పాస్టరు గారు, తాను పేరు కూడా వినని అమెరికా వివాదానికి ఊళ్ళో సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. ఈ తేడా రెండో పేరాలోనే, ఎవరికీ అనుమానం మిగలకుండా రాయి.

ఇక అసలు విషయం. వెబ్‌సైటు అబద్ధం చెబుతోందా, నిజం చెబుతోందా అని నువ్వు పదేపదే అడిగావు. నీ ప్రశ్న ఇలా ఉండాలి: వచ్చే నెలలో వీళ్ళ దగ్గర బాప్తిస్మం తీసుకోబోయే మనిషి, దానికి ముందు తెలుసుకోవలసినవాటిలో ఎన్నింటిని ఈ పేజీల ద్వారా తెలుసుకోగలడు? ఒక ఉదాహరణ చూపిస్తాను. ఈ ఉద్యమంలో చేరేవాళ్ళకు వరుసగా కొన్ని బైబిలు పాఠాలు చెబుతారు: దేవుని వెతకడం, వాక్యం, శిష్యత్వం, రాజ్యం, వెలుగు చీకట్లు, సిలువ, సంఘం. శిష్యుడిగా బతకాలని ముందు నిర్ణయించుకుని, ఆ తర్వాత నీళ్ళలో మునిగినవాడికే రక్షణ అన్నది వాళ్ళు మొదటి నుంచీ గట్టిగా చెప్పిన బోధ. ఆ లెక్కన వేరే సంఘాల్లో తీసుకున్న బాప్తిస్మాలు చాలావరకు చెల్లలేదు. 1980లలో పాత క్రీస్తు సంఘాల సభ్యులకే మళ్ళీ బాప్తిస్మం ఇచ్చిన సందర్భాలున్నాయి.

ఇప్పుడు మన గుంటూరు అమ్మాయిని ఒకరిని ఊహించుకో. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ ఈ ఊరు వచ్చినప్పటి నుంచి లూథరన్లున్న ఊరు ఇది. ఆ అమ్మాయి నాయనమ్మ కూడా ఆ చర్చి మనిషే. పసిపిల్లగా ఉన్నప్పుడు పాస్టరు గారు నెత్తిన నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇచ్చారు, ఊహ తెలిశాక ఆ విశ్వాసం తనదేనని చర్చిలో అందరి ముందూ ఒప్పుకుని నిర్ధారణ పొందింది, క్రిస్మస్‌కు క్వయర్లో పాడుతుంది. చదువుకోసం పెద్ద నగరానికి వెళ్ళి, స్నేహితురాలు పంపిన లింకు తెరిచి, విశ్వాసాల పేజీ చదువుతుంది. బాప్తిస్మం గురించి అక్కడ ఏదో ఒక మాట ఉంటుంది. కానీ తన బాప్తిస్మం సంగతి ఏమిటి, తన నాయనమ్మ సంగతి ఏమిటి అన్న ప్రశ్నలకు ఆ పేజీలో జవాబు దొరుకుతుందా, లేక నాలుగో పాఠమో అయిదో పాఠమో అయ్యాక, స్నేహం ముదిరాక, ఎదురుగా కూర్చున్న మనిషి నోటి నుంచి మొదటిసారి వింటుందా? ఒక్కో స్థానిక సంఘం సైటు తెరిచి ఇదే ప్రశ్నతో చదువు. కొన్నింటిలో సూటిగా ఉండవచ్చు, కొన్నింటిలో ఉండకపోవచ్చు. ఉన్నచోట ఉందని రాయడానికి మొహమాటపడవద్దు. ఇదే ప్రశ్నను కానుకల విషయంలో, శిష్యరికం చేయించే మనిషి అధికారం విషయంలో, సంఘం వదిలి వెళ్ళినవాళ్ళ విషయంలో కూడా అడగవచ్చు. నీ వ్యాసానికి ఇదే వెన్నెముక కావాలి. మిగిలినదంతా దీని చుట్టూ కుదురుకుంటుంది.

సేవా కార్యక్రమాల మీద నువ్వు మూడు పేరాల వెటకారం రాశావు. తీసెయ్యి. ఈ సంఘాలవాళ్ళు 1991లో మొదలుపెట్టిన హోప్ వరల్డ్‌వైడ్ సంస్థ కంబోడియా రాజధాని నోంపెన్‌లో 1996లో ఆసుపత్రి తెరిచింది. అక్కడ వైద్యం పొందిన బీదవాడికి నీ వెటకారం అర్థం కాదు. సేవ గురించిన పేజీ ఎంత వివరంగా ఉంది, సంఘ చరిత్ర పేజీ ఎంత వివరంగా ఉంది అని పక్కపక్కన పెట్టి చూపించు, అంతకంటే అక్కర్లేదు.

సాక్ష్యాల దగ్గర, అంటే విశ్వాసులు తమ జీవితం ఎలా మారిందో చెప్పుకునే కథల దగ్గర మాత్రం నువ్వు నిష్పాక్షికంగా లేవు. సంఘం సైట్లోని సాక్ష్యాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయన్నావు, ఒప్పుకుంటాను: ముందు ఒంటరితనం, తర్వాత ఎవరో ఆహ్వానించడం, వాక్యం, బాప్తిస్మం, సంతోషం. అయితే బయటికి వచ్చినవాళ్ళు రాసుకున్న కథలకూ ఒక అచ్చుంది: ఒంటరితనం, ఆహ్వానం, అలసట, భయం, విడుదల. 1990ల నుంచే మాజీ సభ్యులు ఇంటర్నెట్‌లో తమ అనుభవాలు పెడుతున్నారు. అవి చదవవద్దని అప్పట్లో నాయకులు హెచ్చరించేవారని వాళ్ళు చెబుతారు. ఆ కథలకు విలువ ఉంది, చాలా ఉంది. కానీ ఏ సంవత్సరంలో, ఏ ఊరి సంఘంలో జరిగిందో చెప్పని కథను ఏ పక్షం నుంచి వచ్చినా ఒకే తరాజులో తూచు. 1988 నాటి బోస్టన్ అనుభవాన్ని నిన్నటి బెంగళూరుకు అంటగట్టకూడదు.

కోర్టు వ్యవహారాలకూ ఇదే వర్తిస్తుంది. 2022 డిసెంబరు చివర కాలిఫోర్నియాలో మాజీ సభ్యులు ఈ రెండు ఉద్యమాల మీదా, మెకీన్ మీదా దావాలు వేశారు. మైనర్ల మీద జరిగిన లైంగిక వేధింపులను కప్పిపుచ్చారన్నది అందులో ప్రధాన ఆరోపణ. నువ్వు “కప్పిపుచ్చారు” అని రాశావు. “కప్పిపుచ్చారని దావాలో ఆరోపించారు” అని రాయాలి. వాక్యం కాస్త పొడుగవుతుంది, కానివ్వు.

పని పద్ధతి గురించి క్లుప్తంగా చెబుతాను. వెబ్ పేజీ ఇవాళ ఉన్నట్టు రేపు ఉండదు. నువ్వు ఉటంకించే ప్రతి పేజీకీ తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకో. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్‌లో పాత పేజీలు వెతుకు. 2002కు ముందరి పేజీ, తర్వాతి పేజీ దొరికితే రెండింటి “మా గురించి” భాగాలను వరుసగా పెట్టి, మధ్యలో నీ వ్యాఖ్యానం లేకుండా అచ్చువేయవచ్చు.

చివరగా, మన ఊళ్ళలో ఈ వ్యాసం ఎవరి చేతికి వెళుతుందో కూడా ఆలోచించు. ఒక ఉద్యమం మీద నువ్వు రాసిన విమర్శను ఎవరో నాలుగు ముక్కలు కత్తిరించి, చర్చిలన్నీ ఇంతేనంటూ వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతారు. దాన్ని పూర్తిగా ఆపడం నీ చేతుల్లో లేదు, కానీ అలా కత్తిరించడానికి వీలైన వాక్యాలు రాయకుండా ఉండడం నీ చేతుల్లోనే ఉంది. “కల్ట్” అన్న ముద్ర అలాంటిదే. అది వేసినంత మాత్రాన పాఠకుడికి కొత్తగా తెలిసేదేమీ లేదు, నువ్వు మాత్రం చిక్కుల్లో పడతావు. భారతీయ న్యాయ సంహితలో పరువునష్టానికి 356వ సెక్షను, మత భావాలను ఉద్దేశపూర్వకంగా గాయపరచడానికి 299వ సెక్షను ఉన్నాయి. భయపెట్టడానికి చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు, అన్నది అన్నట్టు రాసినవాళ్ళకు ఆ సెక్షన్లతో పెద్దగా పని పడదు.

అచ్చుకు ఇవ్వకముందు ఆ సంఘాలవాళ్ళకు ఒక ఈమెయిల్ రాయి. బాప్తిస్మం గురించి నేను పైన చెప్పిన ప్రశ్న, శిష్యరికం ఇప్పుడు ఎలా నడుస్తోందన్న ప్రశ్న, 2003 నాటి క్షమాపణలను వెబ్‌సైట్లలో ఎక్కడ చదవవచ్చన్న ప్రశ్న, ఈ మూడే అడుగు. జవాబు ఇవ్వడానికి పదిహేను రోజుల గడువు పెట్టు. వస్తే పూర్తిగా వెయ్యి, రాకపోతే ఫలానా తేదీన అడిగామని, జవాబు రాలేదని ఒక వాక్యం చేర్చు. ఆ తర్వాత తిరగరాసిన ప్రతి నాకు పంపితే చూస్తాను. సంక్రాంతికి గుంటూరు వచ్చేట్టయితే స్క్రీన్‌షాట్లు కూడా వెంట తెచ్చుకో.

నీ శ్రేయోభిలాషి.