బెడ్‌రూంకి రంగు వేయించే ముందు బీరువా జరపండి

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. ఫ్లాట్ కొని పదమూడేళ్ళయింది, బెడ్‌రూంలోకి వెళ్తే ఏదో దిగులుగా ఉంటోంది, 70 వేలల్లో కొత్త కళ తేవాలంటే ముందు ఫాల్స్ సీలింగా, వాల్‌పేపరా, రంగా అని అడిగారు. అచ్చం ఇదే చర్చ 2023లో మా ఇంట్లో రోజూ రాత్రి భోజనాల దగ్గర నడిచేది. మాది మల్కాజిగిరిలో 2009లో కట్టిన అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. పదకొండు బై పన్నెండు అడుగుల గది. చివరికి ఆ మూడింటిలో ఒక్క రంగే వేయించాం, అదీ అన్నిటికన్నా ఆఖర్న.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. దిగులు పోవాలంటే గోడ మారాలని నాకు నేనే తీర్మానించుకుని, మంచం తలవైపు గోడకి పూల వాల్‌పేపర్ తెప్పించి అంటించాను. మొదటి వారం చుట్టాలందరికీ ఫొటోలు. రెండు నెలలు తిరిగేసరికి కింది మూలలు అప్పడంలా లేచాయి. ఫెవికాల్ రాశాను. మళ్ళీ లేచాయి. అంటించినవాళ్ళకి ఫోన్ చేస్తే "గోడ ప్రాబ్లం మేడం, మాది కాదు" అన్నారు. కోపంతో ఫోన్ పెట్టేశాను గానీ, వాళ్ళు చెప్పింది నిజమే.

మా గదిలో నైరుతి మూల బీరువా ఉంది. అత్తగారి పెళ్ళినాటిది, అద్దం ఉన్న పాత ఇనప బీరువా. దాని వీపు దక్షిణం గోడకి, తలుపు ఉత్తరానికి. వాస్తు ప్రకారం పెట్టింది కాబట్టి పద్నాలుగేళ్ళలో ఎవరూ అంగుళం కూడా కదపలేదు. వాల్‌పేపర్ పీకేసే రోజున తప్పక ఇద్దరు కుర్రాళ్ళని పిలిచి జరిపించాం. వెనక చూస్తే గోడ మీద మనిషి ఎత్తు నల్ల మరక. చుట్టూ తెల్లటి ఉప్పు పొడి, వేలు పెడితే సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది. ముక్కిపోయిన వాసన ఒక్కసారిగా గదంతా కొట్టింది. ఇన్నాళ్ళూ గదిలోకి అడుగు పెట్టగానే మనసు అదోలా అయ్యేది ఇందుకే. అది మా ముక్కుకి ఎంత అలవాటైపోయిందంటే, దాన్ని వాసన అని గుర్తుపట్టక దిగులు అనుకున్నాం! ఆ గోడకి అవతల బాత్రూం.

అందుకే నా సలహా: కేటలాగులు పక్కన పెట్టి, ముందు గదిలో బరువైన సామాన్లన్నీ గోడల నుంచి ఒక అడుగు ఇవతలికి లాగండి. గోడ చల్లగా, నల్లగా, ఉబ్బినట్టు అనిపిస్తే ఒక చిన్న పరీక్ష ఉంది. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవరు అడుగు చదరం కత్తిరించి, నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా గోడకి అంటించండి. రెండు రోజులయ్యాక కవరు లోపలి వైపు, అంటే గోడ వైపు, నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలోంచి వస్తున్నట్టు. బయటి వైపు, అంటే గది వైపు, పడితే గదిలో గాలి ఆడటం లేదని అర్థం. మాకు లోపలే, ముత్యాల్లా.

ప్లంబర్ వచ్చి బాత్రూం టైళ్ళ మధ్య సందులు చూపించాడు. తెల్ల సిమెంటు ఎప్పుడో కొట్టుకుపోయింది, షవర్ కింద అయితే గుండుసూది దిగేంత ఖాళీ. పాతదంతా గీకించి, నీళ్ళు చొరకుండా సందుల్లో నింపే ఎపాక్సీ గ్రౌటు పెట్టించాం, కుళాయి బయటికి వచ్చే చోట కూడా. ఆ బాత్రూం రెండు రోజులు వాడలేదు. ఇవతలి గోడకి పాడైన ప్లాస్టరు ఇటుక దాకా కొట్టించి, నాలుగు వారాలు ఊరికే వదిలేశాం. టేబుల్ ఫ్యాను గోడ వైపు తిప్పి పెట్టాను. పెయింటర్‌కి ఇది అస్సలు నచ్చలేదు. "లప్పం రెండు కోట్లు పడితే ఏమీ కనపడదు మేడం" అన్నాడు. కనపడదు, నిజమే. ఆరు నెలల దాకా. తడి గోడ మీద ఎంత ఖరీదైన రంగు వేసినా ఉప్పు దాన్ని లోపల్నుంచి తోసేస్తుంది. వానాకాలంలో మొదలుపెట్టకపోవడం కూడా మంచిదైంది. మాది నవంబరు, గోడ తొందరగా ఆరింది.

ఆ నాలుగు వారాలూ గది దాదాపు ఖాళీ. కింద పరుపు, ఒక కుర్చీ, అంతే. మొత్తం పనిలో నాకు బాగా ఉపయోగపడింది ఈ బలవంతపు ఖాళీయే. సజ్జ మీద నుంచి దించిన వాటిలో మూడు టీవీల అట్టపెట్టెలున్నాయి. మా ఇంట్లో ఉన్నది ఒక్క టీవీ. "ఇల్లు మారినప్పుడు పనికొస్తాయి" అని మా ఆయన దాచారు, సొంత ఇంట్లో! పాత సామాన్ల బండికి వేసేశాం. మంచం మునుపున్న చోట పడుకుని కళ్ళు తెరిస్తే ఎదురుగా ఆ అట్టపెట్టెలే కనపడేవి. కింద పరుపు మీద పడుకున్న రోజుల్లో పడమటి కిటికీ, దాని బయట కానుగ చెట్టు కనిపించాయి. మంచం తూర్పు గోడకి తిప్పుదాం అన్నాను.

"తూర్పు తల పర్లేదమ్మా, ఉత్తరం మాత్రం ఒద్దు. బీరువా జోలికి రాకండి" అన్నారు అత్తయ్య. సంధి కుదిరింది. బీరువా నైరుతిలోనే ఉంది, కాకపోతే గోడకి మూడంగుళాలు ఎడంగా. వెనక గాలి ఆడుతుంది, టార్చి వేసి చూడొచ్చు. రంగు వెలిసిన ఆ బీరువాని కార్ల డెంటింగ్, పెయింటింగ్ చేసే షెడ్డుకి ఆటో ట్రాలీలో పంపించాను. తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, స్ప్రేతో ముదురాకుపచ్చ వేసి ఇచ్చారు. 5,500 అయింది. కొత్త వార్డ్‌రోబ్‌కి ఇంటీరియర్ వాళ్ళు చెప్పిన ధరలో అది ఏ మూలకీ కాదు. మీ ఇంట్లో పాత బీరువా ఉంటే అమ్మకండి, ఆ రేకు మందం ఇప్పుడు రాదు. తప్పనిసరిగా కొత్త కబోర్డే చేయించుకోవాలంటే, బాత్రూం గోడకి ఆనే వైపైనా ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీటికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ అడగండి. మామూలు ఎంఆర్ రకం చెమ్మకి నిలవదు.

ఇక దీపాలు. మన ఇళ్ళల్లో బెడ్‌రూంకి పడిన శాపం నడినెత్తిన ఆ తెల్ల ట్యూబ్‌లైటు. డబ్బా మీద 6500 కెల్విన్ అని ఉంటుంది, అది వెలుగు రంగు లెక్క, అంకె తగ్గేకొద్దీ పసుపు. 6500 ఆఫీసుకి, వంటింటికి సరే. నిద్రపోయే గదికి 2700 నుంచి 3000 కెల్విన్ పసుపు వెలుగు కావాలి. కోఠి ట్రూప్ బజార్‌లో ఒక మధ్యాహ్నం తిరిగితే ఎల్‌ఈడీల్లో కావలసినన్ని రకాలు దొరుకుతాయి, వెలిగించి చూపిస్తారు కూడా. మేం మంచానికి రెండు వైపులా గోడ దీపాలు, బీరువా పక్కన ఒక నిలువు దీపం పెట్టాం. ట్యూబ్‌లైటు తీసేయలేదు. చీరలు మడతపెట్టడానికి, పడిపోయిన చెవిదిద్దు వెతకడానికి అదే కావాలి. దాని స్విచ్ మాత్రం వేరు. మంచం దగ్గరే ఇంకో స్విచ్ కావాలంటే, రంగు వేయకముందే గోడకి గాడి కొట్టించి పైపు వేయించుకోండి. మా చెల్లెలు రంగయ్యాక గుర్తొచ్చి కొట్టించింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

దీపాలు ముందు, రంగు తర్వాత అనడానికి కారణం ఉంది. నేను మొదట లావెండర్ అనుకున్నాను. చిన్న డబ్బా తెచ్చి రెండడుగుల అట్టముక్కకి రెండు కోట్లు వేసి గోడకి ఆనించాను. పొద్దున చక్కగా ఉంది. సాయంత్రం పడమటెండలో ఇటుక రంగుకి తిరిగింది. రాత్రి పసుపు దీపంలో బూడిద. షాపులో షేడ్ కార్డు తెల్ల లైటు కింద చూస్తాం, పడుకునేది ఇంకో వెలుగులో. అలా నాలుగు అట్టముక్కలు తిరిగాక మూడు గోడలకి మజ్జిగలో చిటికెడు పసుపు కలిపినట్టుండే రంగు, తల వెనక గోడకి ఎండిన వేపాకు రంగు తేల్చాం. పై కప్పు తెలుపే. మా ఆయన ఈ రెండింటికీ తేడా ఏమిటని ఇప్పటికీ అడుగుతారు.

ఫాల్స్ సీలింగ్ సంగతి అడిగారు కదా. మా స్లాబు ఎత్తు తొమ్మిదిన్నర అడుగులు. సీలింగ్ ఆరంగుళాలైనా కిందికి తెస్తుంది, ఫ్యాను ఇంకా కిందికి దిగాలి. చిన్న గదిలో అది నెత్తి మీద మూత పెట్టినట్టే. పెద్ద హాలుకి ఎలా ఉంటుందో గానీ, పదకొండు బై పన్నెండుకి నేను ఒద్దనే అంటాను.

పడమటి కిటికీ ఉన్నవాళ్ళకి ఏప్రిల్, మే నెలల సంగతి వేరే చెప్పక్కర్లేదు. మూడింటి నుంచి పొద్దుగూకే దాకా గోడలు పొయ్యి. లోపల ఎంత మందం కర్టెన్ వేసినా, అద్దం దాటి ఎండ లోపలికి వచ్చేశాకే కదా అది ఆపేది. అందుకే కిటికీ బయట, గ్రిల్‌కి ముందు, వెదురు తెర వేయించాం. తాడు లాగితే చుట్టుకుంటుంది. ఎండ అద్దాన్ని తాకకముందే ఆగిపోతుంది. లోపల మాత్రం మామూలు నూలు కర్టెన్లే. గుడ్డ సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో తీసుకున్నాను. లెక్క తెలీక మొదటిసారి తక్కువ కొన్నాను, మీకా తిప్పలు ఒద్దు. కిటికీ వెడల్పుకి రెట్టింపు గుడ్డ ఉంటేనే కుచ్చులు నిండుగా పడతాయి. మాది అయిదడుగుల కిటికీ, 48 అంగుళాల పన్నా, కాబట్టి మూడు పన్నాలు. కుట్టించే ముందు ఒకసారి తడిపి ఆరేయండి. లేకపోతే మొదటి ఉతుక్కే కర్టెన్ నేలకి జానెడు పైకి ఎక్కి కూర్చుంటుంది. రాడ్డు కిటికీ చట్రానికి ఆనుకుని కాకుండా ఎనిమిది తొమ్మిది అంగుళాలు పైకి బిగించండి. ఈ ఒక్క మార్పుకే గది ఎత్తు పెరిగినట్టు అనిపించింది.

పరుపు మీద దుప్పటి, కింద పరిచేది మాత్రం జనవరి దాకా కొనలేదు. నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలవుతుంది కదా, అక్కడ కొందామని ఆగాను. పోచంపల్లి దగ్గరి కొయ్యలగూడెం నేత డబుల్ దుప్పటి ఒకటి, వరంగల్ కొత్తవాడ జంపఖానా ఒకటి తీసుకున్నాను. పోచంపల్లి రకం పేరుతో ప్రింటువి కూడా అమ్ముతారు. తిరగేసి చూడండి. నూలుని ముందే కట్టి, రంగులద్ది, తర్వాత నేసిన గుడ్డ అయితే వెనకా ముందూ ఒకే రంగు ఉంటుంది, బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. ప్రింటుది వెనక వైపు వెలవెలబోతుంది. మొదటి రెండు ఉతుకులూ విడిగా, చన్నీళ్ళలోనే. నేను నలిగిన తెల్ల దిండు గలీబులతో కలిపి వేశాను, అవిప్పుడు లేత నీలం.

ఖర్చు: బాత్రూం సందులకి 6,500. రంగు, లప్పం, కూలీ కలిపి 14,000. కరెంటు పనికి 4,500, దీపాలకి 3,200. బీరువాకి 5,500. కర్టెన్లు, వెదురు తెర 6,800. దుప్పటి, జంపఖానా 4,300. పరుపు పాతదే. మీ 70 వేలల్లో ఇంకా కొంత మిగులుతుంది. మీ పరుపు పదేళ్ళు దాటి ఉంటే ఆ మిగిలినది దానికి పెట్టండి. కానీ మంచం లోపలి కొలత టేపుతో తీసుకుని వెళ్ళండి. పాత మంచాలు ఆరుంపావు అడుగుల పొడవు, ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా కనపడేవి ఆరున్నర. మూడంగుళాలు బయటికి వేలాడే పరుపు మా పక్క ఫ్లాటు వాళ్ళింట్లో ఉంది.

గది సద్దుకున్నాక అత్తయ్య మధ్యాహ్నం నిద్ర హాల్లోంచి మా గదిలోకి మారింది. కానుగ చెట్టు వైపు తిరిగి పడుకుంటారు. లేచాక మాత్రం రోజూ ఒకటే గొణుగుడు: "ఈ పసుపు దీపాల్లో కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కనపడి చావదు, ఆ ట్యూబ్‌లైటు వెయ్యమ్మా."