సమాధానం: దోస మొక్కల్లో ఎర్ర పెంకు పురుగు, వేప నూనె కొట్టినా తగ్గడం లేదు

లంక భూమిలో 12 రోజుల దోస, ఆకుల నిండా బెజ్జాలు, కొన్ని మొక్కలు ఉన్నట్టుండి వాడుతున్నాయి అన్నారు కదండీ. ఇది గుమ్మడి పెంకు పురుగు. అక్షింతల పురుగైతే పచ్చదనం గీకి ఆకును జల్లెడలా వదులుతుంది, ఇది గుండ్రంగా కొరుకుతుంది.

వాడిన మొక్కని వేరుతో పీకి కడిగి చూడండి. మొదలు దగ్గర తెల్లటి పిల్లపురుగు తొలిచి ఉంటే తల్లి పురుగులు పాదులోనే గుడ్లు పెట్టాయన్నమాట. ఆకు మీద పిచికారీ దానికి తగలదు, మీ వేప నూనె చాలకపోవడానికి సగం కారణం ఇదే. వేప నూనె పురుగుని చంపేది తక్కువ, తినకుండా ఆపేదే ఎక్కువ.

తెల్లారగట్ల చలికి అవి మందంగా ఉంటాయి. అప్పుడే ఏరి సబ్బు నీళ్లలో వేయండి. ఎండెక్కాక చెయ్యి పెడితే ఎగిరిపోతాయి. జల్లించిన పొయ్యి బూడిద మంచు తడి మీదే చల్లండి, వాన పడితే మళ్లీ చల్లాలి. వేప నూనె లీటరుకు 5 మి.లీ., కాస్త సబ్బు కలిపి వారానికోసారి, ఆకు అడుగున కూడా.

మొక్కకి రెండు, నాలుగు ఆకులున్న దశే గండం. ఇవన్నీ చేసినా ఆగకపోతే మలాథియాన్ 50 శాతం పురుగుమందు లీటరుకు 2 మి.లీ., సాయంత్రం పూట. పూత మొదలయ్యాక తేనెటీగల కోసమైనా వద్దు. గంధకం మందు మాత్రం దోస మీద కొట్టకండి, ఆకు మాడుతుంది.

పక్కన పాత బీర పందిరి ఉంటే ముందు అది పీకేయండి, పురుగు అక్కడి నుంచే వస్తుంటుంది. కోత అయ్యాక లోతుగా దున్నితే మట్టిలోని కోశాలు (పిల్లపురుగు రెక్కల పురుగుగా మారే దశ) ఎండకి, కొంగలకి బయటపడతాయి.