పంటి గాటు ఒక్కదానితోనే కేసు తేలిపోదు

గాజువాక మిత్రమా, కొట్లాట కేసులో అవతలి మనిషి ముంజేతి మీది గాటు మీ బావమరిది పళ్లతో ‘సరిపోయింది’ అని రిపోర్టు వచ్చిందనీ, ఇక పని అయిపోయినట్టేనా అనీ అడిగారు. అంత టెన్షన్ అక్కర్లేదు.

చర్మం మైనం ముద్ద కాదు. సాగుతుంది, వాస్తుంది, చెయ్యి తిప్పితే గాటు ఆకారమే మారుతుంది. గాటును పళ్లతో పోల్చే ఈ పద్ధతికి తగిన శాస్త్రీయ పునాది లేదని అమెరికాలో 2009లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, 2016లో అధ్యక్షుడి శాస్త్ర సలహా మండలి తేల్చాయి. అక్కడి అరిజోనాలో రే క్రోన్ అనే అతనికి ప్రధానంగా పంటి గాటు మీదే మొదట మరణశిక్ష పడింది. 2002లో డీఎన్‌ఏ అతణ్ణి బయటపడేసింది.

అలాగని మన కోర్టులు దీన్ని పక్కన పెట్టేస్తాయనుకోకండి. నిర్భయ కేసులో 2017లో సుప్రీంకోర్టు పంటి గాటు ఆధారాన్ని లెక్కలోకి తీసుకుంది. అక్కడ డీఎన్‌ఏ, మరణ వాంగ్మూలాలు కూడా ఉన్నాయనుకోండి.

మీ కేసులో ముందు ఇవి కనుక్కోండి. ఫొటోలో గాయం పక్కన కొలత కోసం ఎల్ ఆకారపు స్కేలు ఉందా? కెమెరా ఏటవాలుగా పట్టారా? దెబ్బ తగిలిన ఎన్ని గంటలకు తీశారు? అన్నిటికన్నా ముఖ్యం, గాటు మీది లాలాజలాన్ని మొదట తడి దూదిపుల్లతో, తర్వాత పొడిదానితో తీసి డీఎన్‌ఏకి పంపారా? ముందే గాయం కడిగేసి ఉంటే ఆ ఆధారం చాలావరకు పోయినట్టే.

భారతీయ సాక్ష్య అధినియం 39వ సెక్షన్ ప్రకారం నిపుణుడు చెప్పేది అభిప్రాయమే. విశాఖ కోర్టులో ఆ నిపుణుణ్ణి క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేసేటప్పుడు ‘ఇంకొకరి పళ్లు ఇలా సరిపోవని చెప్పగలరా?’ అని లాయరుగారితో అడిగించండి. మీవాడు నిజంగా కొరికి ఉంటే మాత్రం ఆ సంగతి ఆయన దగ్గర దాచొద్దు.