చంద్రుణ్ని వేలాడదీయకు

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదట గబగబా, తర్వాత పెన్సిలు పట్టుకుని. వాక్యం నడిపించడం నీకు వచ్చు, అందులో నేను చెప్పేదేం లేదు. గొడవంతా రెండో పేరాలో ఉంది. ‘భూమి ఆకర్షణ చంద్రుణ్ని లోపలికి లాగుతుంది, అపకేంద్ర బలం బయటికి లాగుతుంది, రెండూ సరిసమానం కాబట్టి చంద్రుడు పడిపోకుండా నిలిచాడు’ అని రాశావు. నీ ఒక్కదాని తప్పు కాదులే, మాలో చాలామందిమి అలాగే చదువుకున్నాం. కానీ ఒక్క ప్రశ్న వేసుకో. రెండు బలాలూ నిజంగా చెల్లుకు చెల్లు అయిపోతే చంద్రుడి మీద మిగిలేది సున్నా. ఏ బలమూ లేని వస్తువు ఉన్న వేగంతో తిన్నగా పోతుంది. మరి చంద్రుడు వంపు ఎందుకు తిరుగుతున్నాడు?

చంద్రుడితో పాటు తామూ తిరుగుతున్నట్టు అనుకుని లెక్క కట్టేవాళ్లు అపకేంద్ర బలం అనే మాట వాడతారు. వాళ్లకది పనికొస్తుంది. బయట నిలబడి చూసే నీ పాఠకుడికి మాత్రం చంద్రుణ్ని అటు లాగే రెండో చెయ్యి ఎక్కడా కనబడదు. లాగేది భూమి ఒక్కటే. కాబట్టి నీ వ్యాసం మొత్తం ఆనుకోవాల్సిన మాట ఇది: చంద్రుడు పడుతున్నాడు. ప్రతి సెకనూ పడుతూనే ఉన్నాడు.

ఇలా ఊరికే అంటే పాఠకుడు నమ్మడు. లెక్క చూపించు, చాలా చిన్నదే. చేతిలోంచి జారిన రాయి మొదటి సెకనులో 4.9 మీటర్లు పడుతుంది. మనం భూకేంద్రం నుంచి ఎంత దూరంలో ఉన్నామో, చంద్రుడు దానికి సుమారు 60 రెట్ల దూరంలో, 3,84,400 కిలోమీటర్ల దగ్గర ఉన్నాడు. దూరం 60 రెట్లయితే ఆకర్షణ 60ని 60తో గుణించినంత, అంటే 3,600వ వంతుకి తగ్గుతుంది. 4.9 మీటర్లను 3,600తో భాగించు. 1.36 మిల్లీమీటర్లు వస్తుంది. పిల్లల స్కేలు తీసుకుని రెండు చిన్న గీతల మధ్య జాగా చూడు. అంతకంటే కాస్త ఎక్కువ, అంతే. సెకనులో చంద్రుడు మనవైపు పడేది అంత. అదే సెకనులో పక్కకి ఒక కిలోమీటరు పైచిలుకు దూసుకుపోతాడు. అంత పక్కనడకకి ఇంత దిగుడు. ఈ దిగుడే సెకను సెకనుకీ దారిని వంచుతూ 27.3 రోజులకి ఒక చుట్టు పూర్తి చేయిస్తుంది. న్యూటన్ సరిచూసుకున్నది ఈ లెక్కనే. 1687లో అచ్చయిన ఆయన పుస్తకం ‘ప్రిన్సిపియా’లో ఉంది. కాకపోతే ఆయన సెకను బదులు నిమిషం తీసుకున్నాడు. ఇక్కడ రాయి ఒక సెకనులో పడేంత మేర, అక్కడ చంద్రుడు ఒక నిమిషంలో పడతాడు. నాకు ఈ రూపమే ఎక్కువ ఇష్టం, నోటికి సులువుగా పట్టుబడుతుంది.

నేను చేసిన తప్పు కూడా చెప్తాను. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక పత్రికకి అంతరిక్ష కేంద్రం గురించి రాస్తూ, అక్కడ గురుత్వాకర్షణ ఉండదు కాబట్టి మనుషులు తేలుతుంటారు అని రాసేశాను. అచ్చయింది కూడా. వారం తిరక్కుండా ఒక పోస్టుకార్డు వచ్చింది. అందులో ఒకటే ముక్క: ‘ఆకర్షణ లేకపోతే ఆ కేంద్రం భూమి చుట్టూ ఎందుకు తిరుగుతోందండీ?’ రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ కేంద్రం తిరిగే 400 కిలోమీటర్ల ఎత్తులో ఆకర్షణ నేల మీదున్న దాంట్లో దాదాపు 90 శాతం ఉంటుంది. వాళ్లు తేలేది ఆకర్షణ లేక కాదు. వాళ్లూ, వాళ్ల చుట్టూ ఉన్న గోడలూ, చేతిలో పెన్నూ అన్నీ ఒకే తీరున కలిసి పడుతున్నాయి గనక. సెకనుకి 7.7 కిలోమీటర్ల వేగంతో పక్కకి పోతూ పడుతుంటే, పడ్డంత మేరా కింద భూమి గుండ్రంగా ఒంగిపోతూ ఉంటుంది. నేల అందదు.

తాడుకి కట్టి తిప్పే రాయి పోలిక ఉంచుకో. తాడు తెగితే రాయి బయటికి కాక, ఆ క్షణంలో ఎటు పోతోందో అటే తిన్నగా పోతుందని చెప్పడానికి అంతకంటే మంచిది లేదు. అయితే అక్కడితో దాన్ని వదిలెయ్యి. తాడు పొడవు మారదు. చంద్రుడి దూరం మారుతుంది.

ఈ మాట ఎందుకంటే, నాలుగో పేరాలో నువ్వు ఇంకో పొరపాటు చేశావు. ‘వేగం వీసమెత్తు తగ్గినా భూమి మీద పడతాడు, వీసమెత్తు పెరిగినా పారిపోతాడు, ఎంత అద్భుతమైన అమరిక!’ అన్నావు. ఆశ్చర్యార్థకం చూడగానే నాకు అనుమానం వస్తుంది, అది నా జబ్బు. ఇది కత్తి మీద సాము కానే కాదు. వేగం కాస్త తగ్గిందనుకో. చంద్రుడు భూమికి కొంచెం దగ్గరగా వస్తాడు. కిందికి దిగుతున్న వస్తువు కదా, దిగేకొద్దీ వేగం పుంజుకుంటుంది. ఆ పెరిగిన వేగమే అతన్ని భూమిని దాటించి మళ్లీ పైకి తీసుకుపోతుంది. పైకెక్కేకొద్దీ వేగం తగ్గి, బయల్దేరిన చోటికే వచ్చి చేరతాడు. దారి కొంచెం సాగిన దీర్ఘవృత్తం అవుతుంది, అంతే తేడా. నిజంగా భూమిని తాకాలంటే పక్కకి పోయే వేగంలో అయిదింట నాలుగు వంతులు పోవాలి. శాశ్వతంగా తప్పించుకోవాలంటే ఉన్న వేగం మీద ఇంకో 40 శాతం కావాలి. స్థిరంగా ఉండటం అంటే ఈ వెసులుబాటే. ఇప్పుడు కూడా చంద్రుడు ఒకసారి సుమారు 3,63,000 కిలోమీటర్ల దగ్గరికి వచ్చి, మరోసారి 4,05,000 దాకా వెళ్తూనే ఉన్నాడు. భూమి కూడా అంతే. జనవరి మొదట్లో సూర్యుడికి 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో సెకనుకి 30.3 కిలోమీటర్ల చొప్పున పరిగెడుతుంది. జులైలో 15.2 కోట్ల దూరానికి వెళ్లి 29.3కి నెమ్మదిస్తుంది. గ్రహాల దారి దీర్ఘవృత్తమని ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1609లోనే ప్రకటించాడు. నువ్వు బొమ్మలో గీసిన గుండ్రటి సున్నా మార్చు, కానీ మరీ కోడిగుడ్డులా సాగదీయకు. నిజం దారి కంటికి సున్నాలాగే కనిపిస్తుంది.

సూర్యుడి సంగతి నువ్వు ఎత్తలేదు, మంచిపని చేశావు. ఎత్తితే మాత్రం సగంలో వదలకూడదు. చంద్రుణ్ని భూమి కంటే సూర్యుడే రెండు రెట్లకు పైగా బలంగా లాగుతున్నాడు. ఆ ముక్క విన్న ప్రతివాడూ ‘మరి ఎత్తుకుపోడేం?’ అంటాడు. భూమి కూడా సూర్యుడి వైపు ఇంచుమించు అదే తీరున పడుతోంది. ఇద్దరూ కలిసి పడుతున్నప్పుడు ఒకరి నుంచి ఒకరు విడిపోయే అవసరం రాదు. పైన చెప్పిన పెన్నూ గోడల కథే ఇదీ. దీనికి విడిగా ఒక పేరా ఇవ్వగలిగితే ఇవ్వు, లేదంటే వద్దు.

చివరి వాక్యంలో ‘ఎప్పటికీ ఇలాగే తిరుగుతుంటాయి’ అన్నావు. 1969 నుంచి చంద్రుడి మీద పెట్టిన అద్దాలకి లేజర్ కాంతి తగిలించి దూరం కొలుస్తున్నారు. ఏడాదికి 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్నాడు. భూమి తన చుట్టూ తాను వేగంగా తిరుగుతూ సముద్రపు పోటు ఉబ్బుని కాస్త ముందుకి ఈడుస్తుంది, ఆ ఉబ్బు చంద్రుణ్ని ముందుకి గుంజుతుంది, ఆ గుంజుడుకి అతని దారి కొంచెం కొంచెంగా పెద్దదవుతుంది. అంగారకుడి చంద్రుడు ఫోబోస్‌ది తిరగబడ్డ కథ. తన గ్రహం ఒక్కసారి తిరిగేలోపు మూడు చుట్లు చుట్టేస్తాడు. అందుకని అంగారకుడి నేల మీద అతను లేపే ఉబ్బు అతని కంటే వెనకబడి, అతన్ని వెనక్కి లాగుతుంది. నూరేళ్లకి సుమారు 1.8 మీటర్లు కిందికి దిగుతున్నాడు. కొన్ని కోట్ల ఏళ్లలో ముక్కలవడమో, అంగారకుడి మీద పడటమో తప్పదు.

అందుకే మూడో పేజీలో ‘ఎప్పటికీ’ కొట్టేశాను. దాని బదులు ఏం పెట్టాలో రాయలేదు, జాగా వదిలాను. తిరగరాసి పంపు. పంపేముందు ఆ 1.36 లెక్క ఒక్కసారి నీ చేత్తో వేసి చూసుకో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు