కువైట్ దుమ్ము రోజుల గురించి మేనకోడలికి

మర్రిపాలెం, విశాఖపట్నం

చిరంజీవి సౌభాగ్యవతి శారదకు మామయ్య ఆశీస్సులు.

వచ్చే నెలలో బాబును తీసుకొని కువైట్‌కు కాపురానికి వెళుతున్నావని మీ అమ్మ చెప్పింది. వాడికి ఉబ్బసం ఉంది కాబట్టి, ఆ ఊళ్లో 18 ఏళ్లు ఉన్నవాడిగా అక్కడి గాలి గురించి నాకు తెలిసింది రాస్తున్నాను.

మీ అమ్మమ్మ వన్‌టౌన్ ఇంట్లో డాబా మీద ఆరేసిన పంచెలకు రేవు వైపునుంచి వచ్చిన బొగ్గుపొడి నల్లగా అంటుకునేది, గుర్తుందా? అది కంటికి కనిపించే దుమ్ము. కువైట్‌లో వేసవిలో ఇరాక్ మైదానాల మీదుగా వాయవ్యం నుంచి వీచే గాలిని షమాల్ అంటారు. అది మోసుకొచ్చే దుమ్ము జల్లించిన గోధుమపిండిలా మెత్తగా ఉండి, మూసిన కిటికీ సందుల్లోనుంచి కూడా లోపలికి చేరుతుంది. 2022 మే నెలలో ఆ దుమ్ము వల్లే విమానాశ్రయంలో రాకపోకలు నిలిపివేశారు.

మేము వెళ్లిన మొదటి వేసవిలో నేను చేసిన తప్పు నువ్వు చేయకు. గాలి ఆగి ఆకాశం తేటపడగానే, ఇక అయిపోయిందనుకొని కిటికీలన్నీ తీసి, పొడి చీపురుతో హాలంతా ఊడ్చాను. ఆ రాత్రి మా పెద్దవాడికి పిల్లికూతలు మొదలై, తెల్లవారే దాకా నా భుజానికి ఆనుకొని కూర్చునే ఊపిరి తీసుకున్నాడు. పెద్ద రేణువులు త్వరగా నేలకు దిగినా, 2.5 మైక్రాన్లకు లోపు ఉండే సన్న రేణువులు గంటల తరబడి గాలిలోనే ఉంటాయని, చీపురు నేలమీది దుమ్మును మళ్లీ పైకి లేపుతుందని తరువాత డాక్టరుగారు చెప్పారు. అందుచేత ఆకాశాన్ని చూసి కాదు, ఫోన్‌లో గాలి నాణ్యత అంకె చూసి కిటికీ తెరువు. ఇల్లు తడిగుడ్డతోనే తుడువు. తలుపు కింది సందులో తడి తువ్వాలు పెట్టు.

ఆ అంకె విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఘనపు మీటరు గాలిలో సన్న రేణువులు 60 మైక్రోగ్రాములుంటే మన దేశపు సూచీ 100 చూపి సంతృప్తికరం అంటుంది. అదే గాలిని అమెరికా సూచీ అనారోగ్యకరమైనదిగా లెక్కిస్తుంది. కాబట్టి ఏ దేశపు సూచీయో చూసుకో, వీలైతే మైక్రోగ్రాములే చూడు.

తలుపులన్నీ మూసిన రోజున ఇంట్లో అగరొత్తులు, సాంబ్రాణి వద్దమ్మా. దేవుడికి దీపం చాలు. ఎండుమిర్చి పోపు కూడా ఆ పూటకు మానెయ్యి. బయటికి వెళ్లక తప్పకపోతే, ముక్కు పక్కల సందు లేకుండా అంటుకునే ఎన్95 మాస్కు నువ్వు పెట్టుకో. బాబుకు పిల్లల కొలత దొరకకపోతే వాడిని ఇంట్లోనే ఉంచడం మేలు. కారులో బయటి గాలి రాకుండా లోపలి గాలే తిరిగే మీట నొక్కమని అల్లుడుగారితో చెప్పు.

అన్నిటికంటే ముఖ్యమైనది మందు. రోజూ వాడే ఇన్హేలరును, బాగానే ఉన్నాడు కదా అని ఎప్పుడూ ఆపకు. ఆయాసం వచ్చినప్పుడు వాడే ఇన్హేలరు వేరు, రోజూ వాడేదానికి బదులుగా అది పనికిరాదు. ఏ లక్షణానికి ఏది ఎన్నిసార్లు ఇవ్వాలో, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలో బయలుదేరే ముందే ఇక్కడి పిల్లల డాక్టరు చేత కాగితం మీద రాయించుకో. ఆ కాగితం, రెండు ఇన్హేలర్లు, ఇన్హేలరుకు తగిలించే గొట్టం స్పేసరు నీ చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో వేయకు.

ఇట్లు,
మీ మామయ్య